తనిఖీ రోజు గాడిద

చెబుతాను గానీ, మధ్యలో "అయితే న్యాయం జరిగిందా?" అని మాత్రం అడక్కండి. ముప్ఫై ఏళ్లు ఒక ఆఫీసులో కూర్చుని, అర్జీలు అందుకుని, ముద్ర కొట్టి లోపలికి పంపినవాణ్ణి నేను. ఆ మాట వింటేనే నాకు ఆవలింతలొస్తాయి. వినేవాళ్లు వినండి.

అడవి అంచున ఆరు నువ్వుల గానుగలుండేవి. వాటి మేస్త్రీ జంబులింగం అనే నక్క. పెద్ద పందిరి కింద, గానుగకొకటి చొప్పున ఆరు ఎద్దులు గుండ్రంగా తిరిగేవి. గానుగ తిప్పేవాళ్లకి కళ్లకు గంతలు కడతారు, లేకపోతే తిరిగి తిరిగి తల దిమ్మెక్కి పడిపోతారు. పందిరి బయట, ఎండలో, నువ్వుల బస్తాలు మోసుకొచ్చేవీ నూనె కుండలు మోసుకుపోయేవీ గాడిదలు. ఎద్దులకి మధ్యాహ్నం తెలగపిండి కలిపిన కుడితి. గాడిదలకి దారి పక్కన ఏం దొరికితే అది. నీళ్లయినా ఒక చోట కాదు. ఎద్దుల తొట్టిలోంచి పొర్లిపోయిన నీళ్లు ఓ గుంటలోకి చేరేవి, ఆ గుంటే గాడిదల తొట్టి.

అసలు తేడా ముసలితనంలో తెలిసేది. పందిరి వెనకాల తాటాకులతో కట్టిన చలవపాక ఒకటుంది. పదేళ్లు గానుగ తిప్పినవాళ్లు, కాళ్లు పోయాక అందులో పడుకోవచ్చు. చచ్చేదాకా మేతా నీళ్లూ వాళ్ల దగ్గరికే వస్తాయి. అది పాత కట్టుబాటు, దాన్ని ఎవరూ కాదనరు. బస్తాలు మోసినవాళ్లకి పాకా లేదు, గీకా లేదు. కుంటడం మొదలెట్టారంటే మేస్త్రీ వాళ్లని సరిహద్దు రాయి దాటించి వచ్చేవాడు. రాయికి అవతల దుమ్ములగొండులుంటాయి. ఇక చెప్పేదేముంది.

అలాంటి చోటికి మృగరాజు చట్టం ఒకటి వచ్చి పడింది. ఎందుకు చేశాడంటారా, చాలామంది చాలా ఏళ్లు గొంతు చించుకుంటే చేశాడు. పుట్టుక చూసి ఎవరికీ పని లేదనకూడదు, తొట్టి వేరు పెట్టకూడదు. చట్టం అమలు చెయ్యకుండా చేసినట్టు నటిస్తే, ఆ మేస్త్రీనే సరిహద్దు రాయి దాటిస్తారు. ఇదంతా చూసి రావడానికి ఏడాదికోసారి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన తాబేలు, పేరు కూర్మారావు గారు. ఏడాదికోసారే ఎందుకంటే, అడవి మొత్తం చుట్టి రావడానికి ఆయనకి అంతకాలం పడుతుంది మరి.

చట్టం చాటింపు వేసిన మర్నాడే నూకాలు అనే గాడిద బస్తా దించి మేస్త్రీ దగ్గరికెళ్లింది. అప్పటికి అది మంచి వయసులో ఉంది, నాలుగు కాళ్లూ గుంజల్లా ఉండేవి.

"మేస్త్రీ గారూ, నాక్కూడా ఒక గానుగ ఇప్పించండి."

"నీకా?"

"చట్టం వచ్చిందంటగా."

జంబులింగం తోక సవరించుకున్నాడు. "రాకేం, వచ్చింది. నాకంటే సంతోషించినవాడు ఈ అడవిలో లేడనుకో. నిన్ను గానుగకి కట్టాలని ఎన్నాళ్లనుంచో నా మనసులో ఉంది నూకాలూ."

"అయితే రేపట్నుంచి వచ్చెయ్యమంటారా?"

"అబ్బబ్బ, ఏం తొందరే! ఎద్దులతో ఒక మాట అనాలి కదా. వాళ్ల మనసు కష్టపెట్టుకోకూడదు కదా."

ఎద్దుల్లో పెద్ద నందికేశం. నడక ఆపకుండా, గంతల వెనకనుంచే మాట్లాడాడు. "నేనెవరికీ అడ్డం కాదు మేస్త్రీ. గాడిదలంటే నాకు చాలా గౌరవం. కాకపోతే, గాడిద తిప్పిన నూనె ఒక రకం వాసనొస్తుందని మా తాత అనేవాడు."

"గాడిద తిప్పిన నూనె మీ తాత ఎక్కడ చూశాడు బాబూ?" అంది నూకాలు.

"చూడక్కర్లేదు. తెలుస్తుంది."

"చూశావా మరి!" అన్నాడు జంబులింగం. "మెల్లిగా పోవాలి నూకాలూ. ఇలా చేద్దాం. కూర్మారావు గారు వచ్చే రోజున నిన్ను గానుగకి కడతాను. అందరూ చూస్తారు, అలవాటు పడతారు. వచ్చే ఏటికల్లా నీకు గానుగ ఖాయం."

నూకాలు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, పాపం! అంతకు ముందు దానికి ఎవరూ ఆ మాటైనా ఇవ్వలేదు.

తనిఖీ రోజు వచ్చింది. పొద్దున్నే నందికేశాన్ని పక్కకి తప్పించి నూకాలుకి గంతలు కట్టారు. గాడిదల గుంట మీద తడికలు కప్పి, పైన గడ్డి పరిచారు. కూర్మారావు గారు మెల్లగా వచ్చి, పందిరి చుట్టూ ఒకసారి కలియజూసి, "ఆ తిప్పుతున్నది ఎవరు?" అన్నారు.

"నూకాలండీ. మా గాడిదమ్మ. బంగారం లాంటి పనిమంతురాలు."

"రోజూ తిప్పుతుందా?"

"అయ్యో, రోజూ కాక! ఈవిడ లేకపోతే మాకు గానుగ నడవదు."

కూర్మారావు గారు ఒక తాటాకు మీద గంటంతో రాశారు, "ఈ గానుగయందు నూకాలు అను గాడిద పని చేయుచున్నది" అని. రాసి, చదివి వినిపించి, పందిరి రాటకి వేలాడదీసి వెళ్లిపోయారు. ఆయన మలుపు తిరిగేదాకా నూకాలు తిరుగుతూనే ఉంది. తర్వాత గంతలు విప్పి, ఒక బానెడు కుడితి పోసి, వీపు మీద బస్తా పెట్టారు.

మరుసటి ఏడు కూడా అంతే. "ఈ ఏడు వానల్లేవు నూకాలూ, నువ్వుల పంట తక్కువ, వచ్చే ఏడు చూద్దాం." ఆ పై ఏడు, "నందికేశం గారి ఒంట్లో బాగోలేదు, ఇప్పుడీ మాటెత్తితే ఆయన తట్టుకోలేడు, వచ్చే ఏడు." ప్రతి ఏడూ ఒక ఆకు. మూడో ఏట మృగరాజు నుంచి ఒక బిరుదు పలక వచ్చింది, "సమభావ గానుగ" అని. జంబులింగం దాన్ని పందిరి ముందు కట్టించి, నూనె కోసం వచ్చిన ప్రతివాళ్లనీ నిలబెట్టి చదివించేవాడు. చదివి నెమళ్లూ లేళ్లూ మెచ్చుకుని వెళ్లేవి. వాళ్ల నూనె కుండలు మోసుకుంటూ వెనకాల నూకాలు వెళ్లేది.

నాలుగో ఏట మాత్రం దానికి కడుపు మండిపోయింది. కూర్మారావు గారు ఆకు రాస్తుండగా నడక ఆపేసి, గంతల్తోనే ఆయనున్న వైపు తిరిగింది.

"బాబూ, ఒక్క మాట. నేను ఇక్కడ రోజూ..."

అంతే. కూర్మారావు గారు తల, మెడ, నాలుగు కాళ్లూ డొప్పలోకి లాక్కున్నారు. పందిరి కింద ఒక బండరాయి మిగిలింది. జంబులింగం గట్టిగా దగ్గి, "ఆవిడ రోజూ మిమ్మల్నే తలుచుకుంటుందండీ" అన్నాడు. కాసేపటికి మెడ బయటికొచ్చింది, ఆకు పూర్తయింది. ఆ సాయంత్రం నూకాలు వీపు మీద ఒకటికి రెండు బస్తాలు పడ్డాయి, నెల్లాళ్లు అలాగే పడ్డాయి.

తోటి గాడిద ఎర్రమ్మ చూడలేకపోయింది. "ఇంకెందుకు వదినా ఆ వేషం? వచ్చే ఏడు నేను రానని చెప్పెయ్యరాదూ?"

"రానంటే ఇంకొకర్ని కడతాడు. ఆ ఒక్క పూట నీడైనా పోతుంది" అంది నూకాలు. "అదీగాక, గానుగ తిప్పుతుంటే బావుంటుందే ఎర్రమ్మా. కిందనుంచి నూనె కారే చప్పుడు వినిపిస్తుంది. మనం మోసే బస్తాలో ఏముందో అప్పుడు తెలుస్తుంది."

ఆ మాట ముప్ఫై ఏళ్లలో నేను ఏ అర్జీలోనూ చదవలేదు. సరే, కానివ్వండి.

అలా పది ఆకులు వేలాడాయి. పదకొండో తనిఖీకి ఇంకా వారం ఉందనగా నూకాలు ముందు కాలు వాచింది. మర్నాటికి కుంటడం మొదలైంది. జంబులింగం దూరం నుంచే చూశాడు. ఇలాంటివి వాడి కంట పడకుండా పోతాయా!

"నూకాలూ, ఇలా రా. కాలికేమైంది?"

"ఏం లేదు మేస్త్రీ గారూ, ముల్లు."

"ముల్లు కాదులే, నాకు తెలుసు. చాలా సేవ చేశావు. రేపు పొద్దున అలా సరిహద్దు రాయి దాకా నడిచొద్దాం."

ఆ నడకకి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. నూకాలు వాళ్లమ్మ కూడా ఆ నడకే వెళ్లింది. అయినా దాని మాట తడబడలేదు.

"అలాగే వెళ్దామండి. కానీ తనిఖీకి ఎవర్ని కడతారు?"

"ఎర్రమ్మ ఉందిగా."

"ఎర్రమ్మకి గంతలు కట్టుకుని తిరగడం ఎలా వస్తుందండీ? నాకు మొదటి ఏడు నాలుగు చుట్లకే కడుపులో తిప్పింది, మీ పరువు పోతుందని పళ్లబిగువున తిరిగాను. అది కూర్మారావు గారి మీదే పడుతుంది. ఆ తర్వాత మీ పలకేమవుతుందో మీరే చూసుకోండి."

జంబులింగం గడ్డం గోక్కున్నాడు. ఈ ఏడు ఆ పలక పక్కన రెండో పలక వస్తుందని కబురొచ్చి ఉంది. దాని కోసం మేకు కూడా కొట్టించి పెట్టుకున్నాడు.

"నువ్వు నిలబడగలవా?"

"ఒక్క పూటేగా. అది కానిచ్చి, తర్వాత మీరెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

"సరే. వారం బస్తాలు మొయ్యకు, కాలికి విశ్రాంతి ఇవ్వు" అన్నాడు జంబులింగం. చూశారా వాడి దయ!

తనిఖీ రోజున నూకాలుని కట్టారు. కుంటుతూనే తిరిగింది. మూడు కాళ్ల మీద భారం వేసి, నాలుగోది ఆనించీ ఆనించనట్టు ఆనించి తిరిగింది. కూర్మారావు గారు వచ్చారు. ఆయనా ముసలాడైపోయాడు, పదకొండేళ్లకి కళ్లల్లో పొరలు కమ్మాయి.

"ఎవరు తిప్పుతున్నది?"

"మన నూకాలేనండీ!" జంబులింగం గొంతులో తేనె కారింది. "మొదటి తనిఖీకి మీరు చూసిన నూకాలే. ఒక్క రోజు మానకుండా తిప్పుతోంది. ఇలాంటి చోటు అడవి మొత్తంలో ఇంకెక్కడైనా ఉందా, మీరే చెప్పండి."

కూర్మారావు గారు ఆకు రాశారు, చదివారు, రాటకి కట్టారు. పదకొండు ఆకులు. అప్పుడు నూకాలు ఆగింది.

"బాబూ, కూర్మారావు గారూ."

ఆయన మెడ సగం లోపలికి పోయింది.

"భయపడకండి బాబూ. నేను ఎవరి మీదా ఏమీ చెప్పను. నాకు కాలు పోయింది. ఇక తిప్పలేను. పదేళ్లు గానుగ తిప్పినవాళ్లకి చలవపాక ఇవ్వాలని కట్టుబాటుంది. నాకు పదేళ్లు నిండాయో లేదో ఆ ఆకులు చూసి చెప్పండి, చాలు."

జంబులింగం ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. వాడి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది.

కూర్మారావు గారి మెడ మెల్లగా బయటికొచ్చింది. నూకాలు వంక చూశారు. "అప్పుడు నాలుగో ఏట నన్ను చూడమన్నావమ్మా. చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు" అన్నారు. "ఇది చదవడం. చదవడానికి ధైర్యం అక్కర్లేదు. మేస్త్రీ, ఆకులు దించు."

"అదేం అన్యాయం!" అని అరిచాడు నందికేశం, పక్కనుంచి. "గాడిదకి చలవపాకేమిటి? మా నాన్న పోయిన పాక అది! ఆవిడ తిరిగింది ఏడాదికి ఒక్క పూట! మిగతా రోజులన్నీ ఈ గానుగ తిప్పింది నే..."

"నోరు ముయ్యవయ్యా!" అని జంబులింగం ఒక్క గెంతు గెంతి వాడి మూతి మీద పడ్డాడు.

"ఏమిటి, ఒక్క పూటా?" అన్నారు కూర్మారావు గారు. "మేస్త్రీ, ఎద్దుగారేదో అంటున్నారు. ఆవిడ తిప్పలేదంటే, నువ్వు పదకొండేళ్లు నటించినట్టు. అది నేను వేరే ఆకు మీద రాసుకోవాలి. సరిహద్దు రాయి ఎంత దూరం ఇక్కడికి?"

జంబులింగానికి తల ప్రాణం తోకకొచ్చింది. "అబద్ధమండీ! నందికేశానికి మతి చలించిందండీ! తిప్పింది నూకాలమ్మేనండీ! ఎండనక వాననక తిప్పిందండీ! నా రెండు కళ్లతో చూశానండీ!"

"ఎన్నేళ్లు?"

"మొదటి ఆకు నుంచి ఈ ఆకు దాకా పదేళ్లు నిండాయండీ!"

"అయితే చలవపాక ఇవ్వాలంటావా, వద్దంటావా?"

"ఇవ్వాలండీ! ఇవ్వకపోతే ఎలాగండీ! ఆవిడ హక్కండీ!" అంటుంటే నిజంగానే వాడికి కళ్లనీళ్లొచ్చాయి. పదకొండేళ్లు నూకాలు అడిగిన మాటని, ఇంత గట్టిగా, ఇంత బాగా ఎవరూ వాదించలేదు.

కూర్మారావు గారు పన్నెండో ఆకు రాసి, నూకాలు మెడకి కట్టి, తన దారిన తాను వెళ్లిపోయారు.

నూకాలు చలవపాకలోకి నడిచింది. నాలుగు అడుగుల దూరానికి మూడు సార్లు ఆగింది. పాకలో ఇద్దరు ముసలెద్దులున్నారు. దాన్ని చూసి, లేవలేనివాళ్లు లేచి, తమ మేత గంప అవతలి గోడ దగ్గరికి ఈడ్చుకుపోయారు. నూకాలు చూసింది. నలిగిన గడ్డి మీద ఒరిగి, కళ్లు మూసుకుంది. ఎవరేమనుకున్నా దానికి ఆ పూట లేచే ఓపిక లేదు.

ఇక్కడ జంబులింగం గతి వినండి. వారం రోజులు తిండి మానేసి ఆలోచించాడు. వచ్చే ఏడు తనిఖీకి ఎవరో ఒక గాడిదని కట్టాలి, కట్టకపోతే చట్టం ఊరుకోదు. కడితే ఆకు రాస్తారు. పది ఆకులు దాటితే మళ్లీ చలవపాక. తప్పించుకుందామని ఏటికొక గాడిదని మార్చుదామా అంటే, పోయినేటిది ఏదని కూర్మారావు గారు ఆకు తీసి చదువుతారు, ఆ ముసలాడికి ఇప్పుడు చదవడం అలవాటైంది. ఎటు తిరిగినా గోడే.

ఎనిమిదో రోజున ఎర్రమ్మని పిలిచాడు.

"చూడవే, ఎలాగూ చివర్లో పాకలో కూర్చోబెట్టి మేపాలి. ఊరికే ఎందుకు మేపాలి? రేపట్నుంచి గానుగ తిప్పు. రోజూ తిప్పు. వెధవ పీడ!"

"కళ్లు తిరుగుతాయేమో మేస్త్రీ గారూ."

"తిరిగితే తిరగనీ! నాకు తిరగడం లేదూ?"

అలా ఎర్రమ్మ నందికేశం పక్క గానుగెక్కింది. నాలుగు చుట్లకి కడుపులో తిప్పింది, ఐదో రోజుకి సర్దుకుంది. నూనెలో ఏదో వాసనొస్తోందని నందికేశం మూడు రోజులు అన్నాడు. ఆ మూడు రోజులూ ఆ నూనె తీసింది తన గానుగే అని తెలిశాక అనడం మానేశాడు. గుంట పూడ్చేశారు. తొట్టి దగ్గర గాడిద మూతి పెడితే ఎద్దులు ఇప్పటికీ కాస్త పక్కకి జరుగుతారు, కానీ నీళ్లు అవే తాగుతారు.

జంబులింగం ఒకనాడు చలవపాక గుమ్మం దగ్గరికొచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. రెండో పలక వచ్చింది గానీ దాన్ని మేకుకి తగిలించే ఉత్సాహం వాడికి లేదు. పలకలో రాసింది ఇప్పుడు నిజంగా చెయ్యాల్సి వస్తోంది మరి.

"నన్ను ముంచేశావు నూకాలూ. ఎలాగైతేనేం నువ్వు గెలిచావు. ఇప్పుడైనా సంతోషమేనా?"

నూకాలు కళ్లు తెరవడానికి కొంచెం సేపు పట్టింది.

"నేను పాక కోసం రాలేదు మేస్త్రీ. పదకొండేళ్ల కిందట నాకు నాలుగు కాళ్లుండేవి, గానుగ అడిగాను. పాక ఇచ్చావు, సరే. ఆ కాళ్లెక్కడ ఇస్తావు?"

జంబులింగం తోక ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. నూకాలు పందిరి వైపు చెవి పెట్టి పడుకుంది. ఎర్రమ్మ తిప్పుతుంటే నూనె కారే చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

నీతి కావాలంటారు, రాసుకోండి: చట్టం ఎవరి మనసూ మార్చదు, దాన్నుంచి తప్పించుకునే దారుల్ని మాత్రం ఒక్కొక్కటిగా మూస్తుంది, కానీ ఒక్కో దారి మూయడానికి ఒకరి జీవితం ఖర్చవుతుంది.